మొక్కల చుట్టరికాన్ని చెప్పే రసాయనాలు: ఆవాలకు మునగ బంధువు, బలురక్కసి పరాయి

1998వ సంవత్సరం ఆగస్టు మాసంలో ఢిల్లీ నగరంలో ఒక వ్యాధి వ్యాపించింది. రోగుల రెండు కాళ్లూ నీరు పట్టి వాచేవి. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గాని పూడేది కాదు. ఆపై ఆయాసం వచ్చేది, గుండె బలహీనపడేది, కొందరికి కంటిచూపు కూడా దెబ్బతినేది. ఇంచుమించు 3,000 మంది వ్యాధికి గురయ్యారు. 60 మందికి పైగా మరణించారు. ఒకే పొయ్యి మీద వండినది తిన్న కుటుంబమంతా ఒకేసారి మంచం పట్టడం ఈ వ్యాధి లక్షణం. దీనికి కారణం ఏ సూక్ష్మజీవీ కాదు. ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసింది. ఈ వ్యాధిని డ్రాప్సీ అంటారు. 1877లోనే కలకత్తాలో దీనిని వైద్యులు నమోదు చేశారు.

ఆవగింజ, బలురక్కసి గింజ రెండూ చిన్నవే, గుండ్రనివే, ముదురు రంగువే. చేటలో కలిసిపోతే వేరు చేయడం కష్టం. కాని ఒకటి తరతరాలుగా వంటింటి పోపుల పెట్టెలో ఉన్న దినుసు, మరొకటి విషం. ఈ రెంటికీ గల అసలు భేదం గింజ ఆకారంలో కంటె గింజ లోపలి రసాయన పదార్థాలలో ఉన్నది. మొక్కలు తమలో తయారు చేసుకొనే రసాయనాలను ఆధారంగా తీసుకొని, ఏ మొక్క ఏ మొక్కకు బంధువో నిర్ణయించే విద్య ఒకటి ఉన్నది. దానిని రసాయన వర్గీకరణ శాస్త్రమంటారు. పేరు పెద్దదే అయినా దాని మూలసూత్రం వంటిల్లు ఎరిగిన ప్రతి ఒక్కరికీ అర్థమయ్యేదే.

సరిహద్దు దాటితే మారే పేర్లు

ఒక మొక్క ఏదో తెలుసుకోవాలంటే మొదట పేరు అడుగుతాము. సరిహద్దు జిల్లాలలో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ పేరు విషయంలో ఉన్న చిక్కు మిగిలినవారికి లేదు. ఇంట్లో ఆవాలు అన్నది బళ్లారి అంగడిలో సాసివె, హోసూరు సంతలో కడుగు, గంజాంలో సోరిష, నాందేడ్‌లో మోహరి. మునగకాయ కన్నడిగులకు నుగ్గె, తమిళులకు మురుంగై, ఒడియావారికి సజనా, మరాఠీలకు శేవగా. పిల్లలు బడిలో ఒక పేరు, ఇంట్లో మరొక పేరు నేర్చుకుంటారు. ఇంతవరకు ఇబ్బంది లేదు, వస్తువు ఒక్కటే గనుక.

అసలు ఇబ్బంది ఒకే పేరు రెండు మొక్కలకు ఉన్నప్పుడు వస్తుంది. బలురక్కసికి తెలుగులో బ్రహ్మదండి అనే మరొక పేరు కూడా వాడుకలో ఉన్నది. తమిళంలోనూ దానిని పిరమదండు అంటారు. మహారాష్ట్రలో బ్రహ్మదండి అని అడిగితే చేమంతి కుటుంబానికి చెందిన వేరొక మొక్కను చూపుతారు. అదే బలురక్కసిని మరాఠీలో పివళా ధోత్రా అనీ, కన్నడంలో అరిశిన ఉమ్మత్త అనీ వ్యవహరిస్తారు. రెంటికీ పచ్చ ఉమ్మెత్త అనే అర్థం. ముళ్ల కాయను చూసి పెట్టిన పేర్లు కావచ్చు గాని, బలురక్కసి ఉమ్మెత్త కాదు. ఉమ్మెత్త వంగ కుటుంబంలోనిది. బలురక్కసి గసగసాల కుటుంబంలోనిది. రెండూ విషమే అయినా విషాలు వేరు, లక్షణాలు వేరు, వైద్యం వేరు. అందువల్ల పేరును మాత్రమే నమ్ముకొంటే ప్రమాదం తప్పదు.

చూపును బట్టి చేసిన వర్గీకరణ

పేర్ల గందరగోళాన్ని తొలగించడానికే శాస్త్రజ్ఞులు ప్రతి మొక్కకూ ప్రపంచమంతటా చెల్లే ఒక లాటిన్ పేరు పెట్టారు. స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ 1753లో ఈ పద్ధతిని స్థిరపరచాడు. ప్రజాతులను కుటుంబాలుగా, కుటుంబాలను క్రమాలుగా కూర్చడం తరువాతి పండితుల పని అయింది. ఇందుకు వారికి ఉన్న సాధనం కన్ను. రేకులు ఎన్ని, కేసరాలు ఎన్ని, అండాశయంలో గింజలు ఎక్కడ అంటుకొని ఉన్నాయి అని చూసి, పోలికలున్నవాటిని ఒకచోట చేర్చారు.

ఈ పద్ధతి గొప్ప ఫలితాలనే ఇచ్చింది. 1862 నుంచి 1883 వరకు ఇంగ్లండులో బెంథామ్, హుకర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కూర్చిన వర్గీకరణ మన దేశపు కళాశాలలలో తరతరాలుగా పాఠ్యాంశమయింది. అయితే దానిలో ఆవాల కుటుంబమూ గసగసాల కుటుంబమూ పక్కపక్కన ఒకే క్రమంలో ఉన్నాయి. జర్మనీకి చెందిన ఎంగ్లర్ పద్ధతిలోనూ అంతే. ఆవపువ్వుకు నాలుగు రేకులు, గసగసాల పువ్వుకు సాధారణంగా నాలుగు రేకులు. రెంటిలోనూ గింజలు అండాశయపు గోడకు అంటి ఉంటాయి. కనుక బంధువులనుకున్నారు. గసగసాల కుటుంబంలోనిదే బలురక్కసి. అంటే సంతలో వ్యాపారి కన్ను మోసపోయినట్లే, పుస్తకంలో పండితుని కన్నూ కొంత మోసపోయింది.

మరోవైపు, మునగను ఎక్కడ చేర్చాలో బెంథామ్, హుకర్‌లకు తెలియలేదు. ఏ క్రమంలోనూ ఇమడని మొక్కల జాబితాలో దానిని విడిగా ఉంచారు. బొప్పాయిని తీసుకొనిపోయి జుమికిపూల తీగ కుటుంబంలో కలిపారు. ఆవాలకు, మునగకు, బొప్పాయికి ఏదో సంబంధం ఉన్నదని పువ్వును చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఆవగింజలోని ఘాటు ఎక్కడిది?

పోపులో చిటపటలాడిన ఆవాలకు కమ్మని వాసనే గాని ముక్కుకెక్కే ఘాటు ఉండదు. అవే ఆవాలను నీటితో నూరితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. యానాం ప్రాంతపు ఇళ్లలో ఆవ పెట్టిన కూర వండేటప్పుడు, నూరిన ఆవముద్దను కూర దించిన తరువాతనే కలుపుతారు. ఆవకాయలో పిండి వేసిన రోజు కంటె ముక్క రసం ఊరిన తరువాత ఘాటు పెరుగుతుంది. ఈ వంటింటి అనుభవాలన్నిటికీ కారణం ఒక్కటే.

ఆవగింజలో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఉంటాయి. ఇవి చక్కెరతోనూ గంధకంతోనూ కూడిన సమ్మేళనాలు. వీటికి స్వతహాగా ఘాటు లేదు. అదే గింజలో వేరొక గదిలో మైరోసినేజ్ అనే ఎంజైము ఉంటుంది. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఈ రెండూ కలవవు. నూరినప్పుడు, కొరికినప్పుడు గదుల గోడలు బద్దలై, తడి తగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు ఎంజైము ఆ పదార్థాన్ని విరగగొట్టి ఐసోథయోసయనేట్ అనే ఘాటైన నూనెను విడుదల చేస్తుంది. కాగిన నూనెలో వేస్తే వేడికి ఎంజైము నశిస్తుంది. కాబట్టి పోపులో ఘాటు పుట్టదు.

ఇది మొక్క తనను తాను కాపాడుకొనే ఉపాయం. పురుగు ఆకును కొరకగానే ఘాటు పుట్టి దానిని తరిమివేస్తుంది. ముల్లంగి, క్యాబేజి, కాలీఫ్లవర్ వంటి ఆవాల కుటుంబీకులన్నిటిలోనూ ఈ ఏర్పాటు ఉన్నది. ముల్లంగి కోసినప్పుడు వచ్చే వాసనా ఈ కోవలోనిదే.

బలురక్కసి బంధువులు ఎవరు?

బలురక్కసి గింజను ఎంత నూరినా ఆవఘాటు పుట్టదు. దానిలో గ్లూకోసినోలేట్లు లేవు. అందులో ఉన్నవి ఆల్కలాయిడ్లు అనే మరొక తెగ రసాయనాలు. వీటిలో ముఖ్యమైనది సాంగ్వినారిన్. రక్తనాళాల గోడలను సడలించి, రక్తంలోని నీరు కణజాలంలోకి ఊరేటట్లు చేసి, కాళ్ల వాపునూ గుండె బలహీనతనూ కలిగించేది ఇదే. మొక్క కాడను విరిచినప్పుడు కారే పసుపుపచ్చని పాలలో బెర్బెరిన్ అనే మరొక ఆల్కలాయిడు కూడా ఉన్నది.

ఈ తెగ ఆల్కలాయిడ్లు ఇంకా ఏయే మొక్కలలో ఉన్నాయని వెదికితే వరుస చక్కగా తెలుస్తుంది. నల్లమందు ఇచ్చే గసగసాల మొక్కలో మార్ఫిన్ ఉన్నది. అదీ ఇదే మూలం నుంచి పుట్టినది. మానుపసుపు కాండానికి పసుపు రంగు ఇచ్చేది బెర్బెరిన్. తిప్పతీగలోనూ ఈ తెగ ఆల్కలాయిడ్లే ఉన్నాయి. చూపుకు తిప్పతీగకూ బలురక్కసికీ ఏ పోలికా లేదు. ఒకటి చెట్లకెక్కే తీగ, మరొకటి బీడు భూములలో ముళ్లతో పెరిగే కలుపుమొక్క. అయినా రసాయనాలు వాటిని ఒక వైపునకు చేర్చాయి, ఆవాలను మరొక వైపునకు తీసుకొనిపోయాయి. నేటి వర్గీకరణలో గసగసాలు, మానుపసుపు, తిప్పతీగ కుటుంబాలు ఒకే క్రమంలో ఉన్నాయి. ఆవాలు వాటికి చాలా దూరంలో, వేరే క్రమంలో ఉన్నాయి.

దూరమనిపించిన దగ్గరి చుట్టాలు

ఇక ఆవఘాటు ఇంకెవరి ఇంట్లో ఉన్నదో చూద్దాము. బొప్పాయి పండు కోసి గింజ ఒకటి కొరికినవారికి ఆ కారం తెలుసు. అది మిరియపు కారం కాదు, ఆవఘాటుకు దగ్గరగా ఉంటుంది. బొప్పాయి గింజలో గ్లూకోసినోలేటూ ఉన్నది, దానిని విరగగొట్టే ఎంజైమూ ఉన్నది. మునగ ఆకులనూ కాయలనూ చూసినవారికి అవిసె చెట్టుకు చుట్టమనిపిస్తుంది. కాని మునగ వేరును గీరితే ఘాటు వాసన వస్తుంది. ఆంగ్లేయులు తమ దేశంలో మాంసంతో నంజుకొనే హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరుకు బదులుగా ఇక్కడ మునగ వేరును వాడేవారు. అందుకే ఇంగ్లీషులో ఆ చెట్టుకు హార్స్‌రాడిష్ ట్రీ అనే పేరు వచ్చింది. ఆ హార్స్‌రాడిష్ కూడా ఆవాల కుటుంబంలోనిదే. వంటవాని నాలుక పండితుని కంటె ముందే బంధుత్వాన్ని పసిగట్టిందన్నమాట.

పొలం గట్ల మీద పెరిగే కుక్కవామింట సంగతి మరింత ముచ్చటైనది. పచ్చని పూలు, జిగురు కాండం, సన్నని పొడుగాటి కాయలు గల ఈ మొక్కను తమిళంలో నాయ్‌కడుగు అంటారు. అంటే కుక్క ఆవాలు అని అర్థం. దీని గింజలను ఆవాలకు మారుగా పోపులో వేసే అలవాటు కొన్ని ప్రాంతాలలో ఉన్నది. వామింట కుటుంబం ఆవాల కుటుంబానికి అన్నిటికంటె దగ్గరి చుట్టమని నేడు నిశ్చయమయింది. పేరు పెట్టిన పల్లెవాసులు చూసినదీ, ప్రయోగశాల చెప్పినదీ ఇక్కడ ఒక్కటే అయ్యాయి.

గ్లూకోసినోలేట్లు ఉన్న కుటుంబాలన్నీ ఒకే క్రమంలో చేరాలని డెన్మార్క్‌లో పనిచేసిన రోల్ఫ్ డాల్‌గ్రెన్ 1975లో ప్రతిపాదించాడు. పువ్వుల పోలికలను నమ్ముకొన్నవారు చాలామంది దీనిని అంగీకరించలేదు. ఆవాలెక్కడ, బొప్పాయి ఎక్కడ అన్నారు. తరువాత మొక్కల జన్యుపదార్థాన్ని చదివే విద్య వచ్చింది. రాడ్‌మన్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన పరిశోధనలో జన్యువుల సాక్ష్యం డాల్‌గ్రెన్ వైపే నిలిచింది. ఆవాలు, వామింట, మునగ, బొప్పాయి ఒకే క్రమానికి చెందినవని తేలింది. ఆ క్రమంలో మునగ, బొప్పాయి కుటుంబాలు ఒకదానికొకటి మరీ దగ్గరివి.

పరిశీలన ఎలా సాగుతుంది?

మొక్కల గుణాలకూ బంధుత్వానికీ సంబంధం ఉన్నదన్న ఆలోచన కొత్తది కాదు. లండన్‌కు చెందిన జేమ్స్ పెటివర్ 1699లోనే, ఒకే తీరుగా ఉన్న మొక్కలకు సాధారణంగా ఒకే తీరు ఔషధగుణం ఉంటుందని వ్రాశాడు. కాని వాసనతోనూ రుచితోనూ సాగే పరిశీలనకు హద్దు ఉన్నది. ఒక ఆకులో ఎన్నో పదార్థాలు కలిసి ఉంటాయి. వాటిని విడదీస్తే గాని పోల్చడం సాధ్యం కాదు.

ఈ విడదీసే పనికి క్రొమటోగ్రఫీ అనే పద్ధతి తోడ్పడింది. దీని సూత్రాన్ని ఇంట్లోనే చూడవచ్చు. బడిలో వాడే తెల్ల సుద్దముక్కకు అడుగు నుంచి ఒక అంగుళం పైన నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, పళ్లెంలో కొద్దిగా నీరు పోసి, చుక్క మునగకుండా నిలబెట్టాలి. నీరు సుద్దలో పైకి పాకుతుంది. ఆ నీటితోపాటు నల్ల సిరాలోని రంగులు ఒక్కొక్కటి ఒక్కొక్క ఎత్తుకు చేరి విడిపోతాయి. శాస్త్రజ్ఞులు సుద్దకు బదులు ప్రత్యేకమైన కాగితం, సిరాకు బదులు ఆకు రసం వాడారు. కాగితంపై ఏర్పడే మచ్చల వరుస ఆ జాతికి వేలిముద్ర వంటిది. కాగితపు క్రొమటోగ్రఫీని రూపొందించిన మార్టిన్, సింజ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులకు 1952లో నోబెల్ బహుమానం లభించింది.

దగ్గరి జాతులను గుర్తించడంలో ఈ పద్ధతి ఎంత పదునైనదో అమెరికాలోని టెక్సస్‌లో రుజువయింది. అక్కడ చిక్కుడు కుటుంబానికి చెందిన బాప్టీసియా అనే అడవి మొక్కలు ఒకదానితో ఒకటి సంకరమై, ఏది ఏ జాతియో తెలియకుండా పెరుగుతాయి. ఆల్‌స్టన్, టర్నర్ అనే శాస్త్రజ్ఞులు 1960 ప్రాంతంలో వాటి ఆకుల రసాన్ని కాగితంపై విడదీసి చూశారు. సంకర మొక్క కాగితంపై తల్లి మచ్చలూ తండ్రి మచ్చలూ రెండూ కలిసి కనిపించాయి.

సరిహద్దు జిల్లాల రోడ్ల పక్కన పెరిగే నీలగిరి చెట్లూ ఇందుకు ఉదాహరణమే. నీలగిరి తైలం ఇచ్చే జాతి ఆకును నలిపితే జలుబు మందు వాసన వస్తుంది; అది సినియోల్ అనే పదార్థం. మరొక జాతి ఆకును నలిపితే నిమ్మ వాసన వస్తుంది, అది సిట్రొనెల్లాల్. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో బేకర్, స్మిత్ అనే ఇద్దరు 1902లోనే ఈ తైలాలను బట్టి నీలగిరి జాతులను వేరు చేస్తూ గ్రంథం వెలువరించారు.

రంగులు చెప్పే సాక్ష్యం

వాసన లాగానే రంగు కూడా బంధుత్వాన్ని తెలుపుతుంది. పిల్లలతో చేయించదగిన ఒక చిన్న పరీక్ష ఉన్నది. శంఖుపూల రేకులను గాని వంకాయ తొక్కను గాని వేడినీటిలో వేసి రంగు దించాలి. ఒక గిన్నెలో నిమ్మరసం పిండితే ఆ రంగు ఎరుపు వైపునకు మారుతుంది. మరొక గిన్నెలో వంటసోడా వేస్తే ఆకుపచ్చ వైపునకు మారుతుంది. దీనిలోని రంగు పదార్థాన్ని ఆంథోసయనిన్ అంటారు. ఎర్ర గోంగూర కాడ, నేరేడు పండు రంగులూ ఈ తెగవే.

ఇప్పుడు బీట్‌రూట్ రసాన్ని గాని, పండిన బచ్చలికాయల రసాన్ని గాని తీసుకొని ఇదే పరీక్ష చేస్తే, నిమ్మరసానికీ వంటసోడాకూ ఆ రంగు ఆ తీరుగా మారదు. వీటిలో ఉన్నవి బీటాలైన్లు అనే వేరొక తెగ రంగులు. ఎర్ర తోటకూర, కాగితపు పూలు, చంద్రకాంత పూలు, నాగజెముడు పండు వీటన్నిటి రంగూ బీటాలైనే. ఆంథోసయనిన్, బీటాలైన్ రెండూ సహజంగా ఒకే మొక్కలో కలిసి కనబడలేదు. ఉంటే ఒకటే ఉంటుంది.

నాగజెముడు జాతులను పూర్వం తోటకూర, బచ్చలి మొక్కలకు దూరంగా ప్రత్యేకమైన క్రమంలో ఉంచేవారు. టామ్ మాబ్రీ ప్రభృతులు 1960లలో ఈ రంగుల సాక్ష్యాన్ని చూపి అవన్నీ ఒక గుంపేనని వాదించారు. జన్యు పరిశోధనలు తరువాత దానినే బలపరచాయి. కాగా పేరులో జెముడు అని ఉన్నంత మాత్రాన కాడజెముడు, ఆకుజెముడు ఈ గుంపులోనివి కావు. విరిస్తే పాలు కారే ఆ మొక్కలు ఆముదం కుటుంబానికి చెందినవి. ఇక్కడా పేరు కలిపినదానిని రసాయనం విడదీసింది.

రసాయన సాక్ష్యానికీ హద్దులున్నాయి

ఇంత చెప్పిన తరువాత రసాయనం ఒక్కటి చూస్తే చాలుననుకోరాదు. కాఫీ గింజలోనూ తేయాకులోనూ కెఫీన్ ఉన్నది. కాని కాఫీ, తేయాకు మొక్కలు దగ్గరి చుట్టాలు కావు. రెండు వంశాలు వేరువేరుగా ఆ పదార్థాన్ని తయారు చేసుకోవడం నేర్చాయని 2014లో కాఫీ జన్యుపటం వెలువడినప్పుడు స్పష్టమయింది.

ఆవఘాటు విషయంలోనూ ఒక అపవాదం ఉన్నది. పుత్రజీవి అనే చెట్టు గింజలను దండలుగా గుచ్చి పిల్లల మెడలో వేసే ఆచారం పూర్వం నుంచి ఉన్నది. ఆ గింజల నూనెకు ఆవనూనె వంటి ఘాటు ఉంటుంది. దానిలో గ్లూకోసినోలేటూ ఉన్నది. అయినా అది ఆవాల క్రమానికి చెందదని, ఆముదపు కుటుంబం ఉన్న క్రమంలోనిదని జన్యువులు తేల్చాయి. రాడ్‌మన్ పరిశోధన ఈ సంగతినీ నిర్ధారించింది. ప్రకృతిలో ఆవఘాటు రెండుసార్లు, రెండు వంశాలలో విడివిడిగా పుట్టిందన్నమాట.

నేల, ఋతువు, మొక్క వయస్సు, వేరా ఆకా గింజా అన్న భేదాలను బట్టి కూడా రసాయనాల పాళ్లు మారుతూ ఉంటాయి. ఒకే జాతి తులసి మొక్కల తైలాలలో కూడా చోటును బట్టి తేడాలు కనిపిస్తాయి. అందుచేత శాస్త్రజ్ఞులు పువ్వు నిర్మాణం, పుప్పొడి, రసాయనాలు, జన్యువులు అన్నిటినీ విచారించి తీర్పు చెబుతారు. న్యాయస్థానంలో ఒక్క సాక్షి మాట చాలనట్లే ఇక్కడా ఒక్క సాక్ష్యం చాలదు. సాక్షులందరూ ఒకే మాట చెప్పినప్పుడు బంధుత్వం స్థిరపడుతుంది.

ఇంటికి పనికివచ్చే సంగతులు

ఈ విద్య పండితుల పుస్తకాలకే పరిమితమైతే గ్రామస్థులకు ప్రయోజనం లేదు. కాని కల్తీని పట్టుకొనేది కూడా ఈ రసాయన భేదమే. ఆహార పరీక్షాశాలలో నూనెకు గాఢ నత్రికామ్లం కలిపి చూస్తారు. బలురక్కసి నూనె ఉంటే నారింజ ఎరుపు రంగో గోధుమ ఎరుపు రంగో ఏర్పడుతుంది. ఆ ఆమ్లం చర్మాన్ని కాల్చివేస్తుంది కనుక ఈ పరీక్ష ఇంట్లో చేయదగినది కాదు.

ఇంట్లో చేయదగినది గింజల పరీక్ష. ఆవాలను తెల్లని కాగితం మీద పరచి భూతద్దంతో చూడాలి. ఆవగింజ నునుపుగా ఉంటుంది. నొక్కి చిదిపితే లోపల పసుపుపచ్చగా ఉంటుంది. బలురక్కసి గింజ గరుకుగా, వల అల్లినట్లు ఉంటుంది. చిదిపితే లోపల తెల్లగా ఉంటుంది. రుచి చూసి తేల్చుకోవాలని ప్రయత్నించరాదు. గంజాం, రాయగడ వైపు ఆవనూనెతో వండుకొనే తెలుగు కుటుంబాలకు ఈ జాగ్రత్త మరింత అవసరం. సొంత ఆవాలు గానుగకు తీసుకొనిపోయేవారు చేలోని బలురక్కసిని కాయ పండకముందే పీకివేయాలి. తెల్లని చారల ఆకులు, ముళ్లు, పచ్చని పువ్వు, విరిస్తే పచ్చని పాలు దాని గుర్తులు. ఢిల్లీ దుర్ఘటన తరువాత కేంద్ర ప్రభుత్వం 1998 సెప్టెంబరులోనే వంటనూనెల ప్యాకింగ్‌ను నియంత్రిస్తూ ఉత్తర్వు వెలువరించింది. చౌకగా వస్తున్నదని పేరూ చీటీ లేని నూనె కొనడం మంచిది కాదు. ఇంట్లో ఒకరికంటె ఎక్కువ మందికి కాళ్లు వాస్తే, వెంటనే ఆ నూనె వాడకం మాని, నూనె సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.

మిరియాలలో ఎండిన బొప్పాయి గింజలు కలపడం మరొక కల్తీ. మిరియం కారానికి కారణమైన పైపరిన్ బొప్పాయిలో ఉండదు. వీటిని గ్లాసు నీటిలో వేస్తే మంచి మిరియాలు మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలుతాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది పేరు సంగతి. పిల్లవాడు ఏదో కాయ తిన్నప్పుడు పక్క భాషలోని వైద్యునికి ఇంటి పేరు చెబితే వేరే మొక్క స్ఫురించవచ్చు. ఉమ్మెత్త అనబోయి పచ్చ ఉమ్మెత్త అన్నట్లు వినబడితే వైద్యమే దారి తప్పవచ్చు. అందుచేత పేరు చెప్పడంతోపాటు ఆకు, పువ్వు, కాయ ఉన్న కొమ్మను కూడా తీసుకొనిపోవడం క్షేమం. పెరటిలోనూ పొలంలోనూ ఉన్న మొక్కలకు తెలుగు పేరు, ఆ రాష్ట్రపు భాషలోని పేరు, వీలయితే లాటిన్ పేరు పక్కపక్కన ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకొంటే అది ఆ ఇంటికి ఆస్తి అవుతుంది. పెద్దలకు వాసనా రుచీ తెలుసు, పిల్లలకు చదువు తెలుసు. ఇద్దరూ కూర్చొని వ్రాయదగిన పుస్తకమది.